మీ ఇంట్లో మా వాడి నిద్ర

వినుకొండ,
12-2-1961

నంబూరులో ఉన్న బుల్లయ్య బావగారికి, రాఘవులు నమస్కరించి రాస్తున్నది.

ఇక్కడ మేమంతా క్షేమం. మీరూ క్షేమమనే అనుకుంటున్నాను. మీ క్షేమానికి లోటు వచ్చే పనులు మీరు ఎప్పుడూ చేయరు.

అసలు సంగతి ఇది. మా పత్తిని గుంటూరు అవతలి మిల్లుకు తోలే లారీ డ్రైవరు ఆదాం కిందటి ఆదివారం మీ ఊరి మీదుగా వస్తూ మంచినీళ్ల కోసం మీ ఇంటి ముందు ఆగాడట. వసారాలో పట్టెమంచం మీద మా వెంకటనారాయణ నిద్రపోతున్నాడట. పలకరించబోతే మీ వాళ్లు నోటి మీద వేలు వేసుకుని, అల్లుడుగారు పడుకున్నారు, చప్పుడు చేయకు అన్నారట. ఆదాం ఈ ముక్క తెచ్చి మా అరుగు మీద నలుగురి ముందు చెప్పాడు.

బావగారూ, వాడు నా కొడుకు. గుంటూరు పొగాకు కంపెనీలో బయ్యరు అయ్యాక మాకు రాసే ఉత్తరాల్లో ఒకటే గోడు. సీజను మొదలైందట, తెల్లారేసరికి పొగాకు కొనే ఫ్లోరు మీద ఉండాలట, రైతులు చుట్టూ మూగి అరుస్తుంటే ఏ బేలు ఏ రకమో నిలబడ్డ చోటే తేల్చాలట, సాయంత్రమైతే కలకత్తా పెద్దాఫీసు నుంచి టెలిఫోనట, ఆ టెలిఫోను పెట్టేశాక మేనేజరు కేకలట. నిద్ర లేదు, తీరిక లేదు, రాలేను. పోయిన దసరాకు వచ్చినప్పుడైనా ఒక్క కునుకు తీయలేదు. వాళ్లమ్మ అట్టు వేసి పెడితే వెలుతురుకు ఎత్తి, అటూ ఇటూ తిప్పి చూసి, "మచ్చ ఉంది, రెండో రకం" అన్నాడు. చెంచమ్మ ఆ పూట అన్నం తినలేదు.

మా ఇంట్లో పట్టని నిద్ర మీ ఇంట్లో ఎలా పడుతోంది? కోపంతో అడగడం లేదు, తెలుసుకోవాలని అడుగుతున్నాను. బోర్డు స్కూలు హెడ్మాస్టరుగా పనిచేసి రిటైరైనవాణ్ణి, నిద్ర గురించి రెండు భాషల్లో చదివాను. అత్తగారి ఊరు మందని ఏ పుస్తకంలోనూ రాసి లేదు.

ఇట్లు,
మీ అల్లుడికి ఇప్పటికీ తండ్రినైన
రాఘవులు

తా.క.: వాడు గురక కూడా పెడుతున్నాడని ఆదాం అన్నాడు. మా వంశంలో గురక లేదు. అది మీ దగ్గర నేర్చుకున్నదే.


నంబూరు,
17-2-1961

రాఘవులు బావగారికి, బుల్లయ్య దణ్ణం పెట్టి రాసేది.

మీ ఉత్తరం రెండుసార్లు చదివాను. మొదటిసారి మీరు మా క్షేమం అడిగారనుకున్నాను.

ఆదాం చెప్పింది నిజమే. శనివారం సాయంత్రం బండికి అల్లుడుగారూ మా అమ్మాయి రాజ్యమూ వస్తారు. ఆదివారం ఫలహారం కాగానే అల్లుడుగారు మంచమెక్కుతారు. అంతే, మళ్లీ దీపాలు పెట్టే వేళకే. ఎందుకు పడుతోందంటారా? మా ఇంట్లో అల్లుణ్ణి లేపే మొగాడు ఇంకా పుట్టలేదు బావగారూ. అది మా ఇంటి కట్టుబాటు. ఆదివారం ఎడ్ల మెడలో గంటలు విప్పిస్తాను. కోళ్లను పక్కింటి దొడ్లోకి తోలిస్తాను. మిరపకాయ తొడిమలు తీసే ఆడవాళ్ల ముఠాకు పెద్ద మా జానీబీ. ఆవిడకు గట్టిగా చెప్పాను: మాటలన్నీ చేతి సైగలతోనే, ఘాటుకు తుమ్ము వస్తే కాలవ గట్టు దాకా పోయి తుమ్మి రావాలి. పాపం, వాళ్లకు సగం రోజు దారిలోనే పోతోంది. అయినా నేను ఏమీ అనడం లేదు.

మీ ఇంట్లో ఎందుకు పట్టదో నాకేం తెలుసు? సంబంధం మాట్లాడడానికి వచ్చినప్పుడు ఒక పూట మీ ఇంట్లో నేనూ పడుకున్నాను. కోడి కంటే ముందు మీరే నన్ను లేపి దేశ పరిస్థితులు చెప్పారు.

మీ అబ్బాయి నిద్రకు పూచీ పడిన,
బుల్లయ్య

తా.క.: గురక ఉన్న మాట నిజమే. చాలా హుందాగా ఉంటుంది. ఊళ్లో పెద్దమనుషులు వచ్చి కాసేపు నిలబడి విని పోతున్నారు.


వినుకొండ,
26-2-1961

బుల్లయ్య బావగారికి,

మీ ఉత్తరంలో నిద్ర సంగతి తక్కువ, మీ గొప్ప సంగతి ఎక్కువ. అయినా ఓపికగా చదివాను. చదవడం నాకు అలవాటు.

వాణ్ణి చిన్నప్పుడు చీకటితో లేపి ఎక్కాలు చెప్పించింది నేను. చెప్పించాను గనుక ఆ ఉద్యోగం వచ్చింది. ఆ ఉద్యోగం చూసి మీరు పిల్లనిచ్చారు. అంటే మీ వసారాలో వినిపిస్తున్న ఆ హుందా గురకకు పునాది మా ఇంట్లో పడింది. ఈ సంగతి వినడానికి వచ్చే పెద్దమనుషులకు కూడా చెప్పగలరు.

ఆదాం లారీలో ఒక పరుపు పంపుతున్నాను. మా చేలో మొదటి తీతలో వచ్చిన పత్తి. దూదేకుల లాల్ అహ్మద్ చేత ఏకించి, పక్కనే కూర్చుని కుట్టించాను. వాడు పడుకునేదేదో మా పత్తి మీద పడుకుంటే సగం నిద్రైనా మాదవుతుంది. మీ వసారా మీరు ఉంచుకోండి.

ఇట్లు,
సగానికి హక్కుదారు
రాఘవులు

తా.క.: పరుపు మీద మిరపకాయలు ఆరబోయకండి. మీ అలవాట్లు తెలిసి రాస్తున్నాను.


నంబూరు,
6-3-1961

రాఘవులు బావగారికి,

పరుపు చేరింది. మంచి పరుపు. ఊళ్లో అందరూ వచ్చి నొక్కి చూశారు.

నిన్న ఆదివారం దాన్ని పట్టెమంచం మీద పరిచాం. అల్లుడుగారు వెల్లకిలా పడుకుని, భలే మెత్తగా ఉందే, ఎక్కడిది మామగారూ అన్నారు. మీ నాన్నగారు పంపారు అన్నాను. గబుక్కున లేచి కూర్చుని, చొక్కా గుండీలు పెట్టుకుని, వీధి వైపు చూసి, ఆయన కూడా వచ్చారా అని అడిగారు. రాలేదని ఒట్టేసి చెప్పినా మళ్లీ దాని మీద పడుకోలేదు. వట్టి నవారు మీదే పడుకున్నారు. పెద్దలు పంపిన వస్తువు మీద కాళ్లు చాపకూడదనే గౌరవమై ఉంటుంది. ఇంకోలా అనుకోకండి.

వస్తువు వృథా కావడం ఇష్టం లేక నేనూ మా ఇంటావిడ సుబ్బరావమ్మా వాడుతున్నాం. నాకు మాత్రం ఒళ్లు తెలియకుండా నిద్ర పడుతోంది.

మీ పత్తికి రుణపడ్డ,
బుల్లయ్య

తా.క.: అక్కయ్యగారికి చెప్పండి, అల్లుడుగారికి మా ఇంటి కోడికూర బాగా పడింది. కిటుకేం లేదు. గసగసాలు దండిగా నూరి వేయడమే.


వినుకొండ,
10-3-1961

బుల్లయ్య బావగారికి,

దొరికిపోయారు.

మీరు చదువుకోలేదు గనుక తా.క.లో రాసేశారు. చదువుకున్న నేను తా.క. నుంచే ఉత్తరం చదవడం మొదలుపెడతాను. గసగసాలు! ఆ మొక్క ఎలాంటిదో మీకు తెలుసా? వైద్యగ్రంథాలు దించి ఆ పూటంతా చూశాను. మీరు నా కొడుక్కు మత్తు పెట్టి, వచ్చిన నిద్రను మీ ఇంటి మర్యాదగా చెప్పుకుంటున్నారు. ఎడ్ల గంటలు విప్పడం, జానీబీ చేత సైగలు చేయించడం, ఇదంతా పైపై నాటకం.

నేను ఊరుకునే మనిషిని కాను. కంపెనీ మేనేజరుకు ఇంగ్లీషులో ఉత్తరం రాశాను. ఎవరి మీదా నింద వేయలేదు. గసగసాలు ఏ మొక్కకు కాస్తాయో, ఆ మొక్క కాయకే గాటు పెడితే నల్లమందు ఎలా కారుతుందో, మా వాడు ప్రతి ఆదివారం వాటిని ఎవరి ఇంట్లో తింటున్నాడో శాస్త్రీయంగా వివరించాను. చివర, ఆదివారాలు కన్నవాళ్ల దగ్గర గడపమని తమరు వాడికి ఆజ్ఞ ఇవ్వాలని వేడుకున్నాను. ఆ చివరి వాక్యం చాలా బాగా కుదిరింది. అచ్చుకు ఇవ్వదగ్గది.

ఇట్లు,
కళ్లు తెరిచిన
రాఘవులు

తా.క.: చెంచమ్మ నిన్న మీరు చెప్పినట్టే వండింది. మూడో ముద్దకే నాకు రెప్పలు వాలాయి. పరీక్ష కోసమే తిన్నాను. రెండోసారి వడ్డించుకున్నదీ పరీక్ష కోసమే.


నంబూరు,
18-3-1961

బావగారూ,

మీ చివరి వాక్యం దాకా మేనేజరు రాలేదు. మొదటి పేజీలో నల్లమందు అన్న ముక్క దగ్గరే గంట కొట్టి మీ అబ్బాయిని లోపలికి పిలిచాడట. కంపెనీ డాక్టరును పిలిపించాడట. రైతులు, గుమాస్తాలు, హమాలీలు అందరూ చూస్తుండగా ఆ డాక్టరు మా అల్లుడి రెప్పలు వెనక్కి లాగి, నాలుక చూసి, చేతులు చాపమన్నాడట. చేతులు వణికాయట.

నల్లమందు లేదని తేలింది. కానీ ఈ మనిషి సరిగ్గా నిద్రపోయి ఎన్నాళ్లయిందో, ఇలా అయితే ఫ్లోరు మీదే పడిపోతాడు అని డాక్టరు రాసిచ్చాడు. డాక్టరుకేం తెలుసు? ప్రతి ఆదివారం నేను కళ్లారా చూస్తున్నాను. కానీ ఆ మాట ఎవరు వింటారు? మేనేజరు వారం సెలవిచ్చి పంపాడు. తిరిగి వచ్చేసరికి చేతులు నిలకడగా ఉంటే బయ్యరు పని, లేకపోతే గోడౌన్లో కాటా దగ్గర గుమాస్తా పని. అటు పోయినవాడు ఇటు మళ్లీ రాడట. రాజ్యం వచ్చినప్పటి నుంచీ కొంగుతో కళ్లు ఒత్తుకుంటూనే ఉంది.

మీరు పెట్టిన చిచ్చు బావగారూ ఇది. వారం రోజులూ అల్లుడుగారు మా ఇంట్లోనే ఉంటారు. నేను నిద్రపుచ్చి పంపుతాను. మీరు రావద్దు.

మంట మీదున్న,
బుల్లయ్య

తా.క.: సుబ్బరావమ్మ కోపంతో గసగసాల డబ్బా ఎత్తి బావిలో పోసింది. ఊరంతా ఆ నీళ్లే తాగుతోంది. ఒక్కడికీ నిద్ర రావడం లేదు. మీ శాస్త్రం అబద్ధం.


వినుకొండ,
20-3-1961

బావగారికి,

ఆదాం చేతికి ఇచ్చి పంపుతున్నాను, పోస్టుకైతే ఆలస్యమవుతుంది.

నా ఇంగ్లీషులో తప్పు లేదు. ఉత్తరాన్ని మొదటి పేజీతో వదిలేసేవాణ్ణి మేనేజరు చేసినవాళ్లది తప్పు. ఈ సంగతి తరువాత తేల్చుకుందాం.

రావద్దన్నారు, రాను. ఎద్దు గంటలు విప్పుతారో, ఎద్దులనే అమ్మేస్తారో మీ ఇష్టం. ఒక్క ముక్క రాయండి. వాడు నిద్రపోతున్నాడా?

రాఘవులు

తా.క.: చెంచమ్మ రాయమంటోంది: వాడికి పొద్దున లేవగానే ఎవరూ ఎదురుగా నిలబడకూడదు, గాభరా పడతాడు. ఇది ఆవిడ మాట. నేను చెప్పలేదు.


నంబూరు,
22-3-1961

రాఘవులు బావగారికి,

ఈ ఉత్తరం అల్లుడుగారి చేతికే ఇచ్చి పంపుతున్నాను. అంటే మీకు సంగతి సగం అర్థమై ఉంటుంది. మిగతా సగం రాయడానికి చెయ్యి రావడం లేదు.

నిన్న మధ్యాహ్నం ఉన్నట్టుండి మబ్బు కమ్మింది. కల్లం నిండా కాయలు పరిచి ఉన్నాయి. ఒక్క వాన పడితే ఎరుపంతా పోయి తాలుకాయ అయిపోతుంది, మీకు తెలుసు. ఇంటిల్లిపాదీ గోనెపట్టాలు పట్టుకుని పరిగెత్తాం. ఎవరూ నోరెత్తలేదు, అంతా సైగలతోనే. జానీబీ అయితే నోట్లో కొంగు కుక్కుకుంది. అప్పుడు వసారాలోంచి గురక ఆగింది. అల్లుడుగారు కళ్లు మూసుకునే, "మామగారూ, తూర్పు మూల కప్పలేదు" అన్నారు. మళ్లీ గురక మొదలుపెట్టారు.

తూర్పు మూల కప్పి వచ్చి మంచం పక్కన కూర్చున్నాను.

"ఎన్నాళ్ల నుంచి బాబూ?" అన్నాను.

"పెళ్లయినప్పటి నుంచీ" అన్నాడు, కళ్లు తెరవకుండానే.

తరువాత చెప్పాడు. కళ్లు తెరిస్తే అత్తయ్యగారు పళ్లెం తెస్తారు, నేను మా కొడుక్కు కంపెనీలో ఉద్యోగం సంగతి ఎత్తుతాను. మూసుకుంటే ఎవరూ ఏమీ అడగరు. మొదట్లో ఊరికే కళ్లు మూసుకునేవాడట. నేను చూసి సంబరపడుతుంటే ఉసూరుమనిపించడం ఇష్టం లేక గురక కలిపాడట. మరి నిద్రో అంటే, "ఇల్లంతా నా కోసం ఊపిరి బిగబట్టి నిలబడితే ఎలా వస్తుంది మామగారూ? ఇదీ డ్యూటీలాగే ఉంది. కళ్లు మూస్తే చెవిలో టెలిఫోను మోగుతుంది" అన్నాడు.

మీ నాన్న దగ్గరికి వెళ్లకపోయావా అన్నాను. అక్కడ కళ్లు మూసుకున్నా అడుగుతాడు అన్నాడు.

సెలవు ఇంకా నాలుగు రోజులే ఉంది. మా మర్యాద పనికిరాలేదు. ఇష్టమై పంపడం లేదు బావగారూ, దారి లేక పంపుతున్నాను. రాజ్యం కూడా వస్తోంది. దయచేసి లేపకండి. దేశ పరిస్థితులు చెప్పకండి.

మీ ముందు తల వంచిన,
బుల్లయ్య

తా.క.: ఈ సంగతి ఊళ్లో ఎవరికీ చెప్పలేదు. అల్లుడుగారు ఇంకా ఇక్కడే పడుకున్నారని అనుకుంటున్నారు. మంచం మీద మీ పరుపు చుట్టి దుప్పటి కప్పాం. గురక నేను పెడుతున్నాను.


వినుకొండ,
30-3-1961

బుల్లయ్య బావగారికి, రాఘవులు నమస్కారాలు.

నింపాదిగా కూర్చుని చదవండి.

మా వాడు వచ్చిన రోజు నేను నోరు విప్పలేదు. మీ ఉత్తరానికి భయపడి కాదు, వాడి చేతులు చూసి. చెంబుతో నీళ్లు తాగబోతే సగం చొక్కా మీద పోసుకున్నాడు. నేను పేపరు అడ్డం పెట్టుకుని ఆ రోజంతా కూర్చున్నాను. ఇంట్లో చీమ చిటుక్కుమనలేదు. వాడు మంచం మీద వెల్లకిలా పడుకుని దూలాలు చూస్తూనే ఉన్నాడు. మరునాడూ మధ్యాహ్నం దాకా అంతే. మాట్లాడకుండా ఉండేసరికి నాకు జ్వరం వచ్చినట్టయింది.

భోజనాలయ్యాక బల్ల మీద కూర్చుని వాడే ఎత్తాడు. "మేనేజరుకు అలా ఎందుకు రాశావు నాన్నా?" అన్నాడు.

ఇక నేను ఆగలేకపోయాను బావగారూ. అడిగింది వాడు గదా. మొదలుపెట్టాను. ఇంటికి రాకపోవడం, వచ్చినా ఉండకపోవడం, కన్నతల్లి అట్టుకు రకం కట్టడం, నేను కుట్టించి పంపిన పరుపు మీద నుంచి తేలు కుట్టినట్టు లేవడం, ఎవరింట్లోనో దొంగ గురకలు పెట్టడం, ఇన్నాళ్లుగా దాచుకున్నదంతా వరసగా తీశాను. నాకే ముచ్చట వేసేంత బాగా వస్తున్నాయి మాటలు. ఏమంటావురా అని ఇటు తిరిగి చూశాను గదా, వాడు గోడకు చేరబడి, తల ఒక పక్కకు వాల్చి, నోరు కొద్దిగా తెరుచుకుని నిద్రపోతున్నాడు. గురక లేదు.

నాకు ఎంత అవమానమైందో మీరు ఊహించుకోవచ్చు. ఊహించుకుని సంతోషించవచ్చు కూడా. మాట ఆపి, లేపి కడిగేద్దామని వాడి దగ్గరికి వెళ్లాను. నేను ఆపిన మరుక్షణం వాడు కదిలాడు, రెప్పలు విడివడ్డాయి. చెంచమ్మ వంటింట్లోంచి పరుగున వచ్చింది.

"ఆపారేం? కానీయండి" అంది.

వాడు చిన్నప్పుడు కూడా అంతేనట. లెక్క తప్పినందుకు నేను తిడుతుంటే వాడు సిగ్గుతో కళ్లు మూసుకున్నాడని నేను అనుకునేవాణ్ణి. చెంచమ్మకు అప్పుడే తెలుసట. నాకు చెబితే తిట్టడం మానేస్తానేమోనని చెప్పలేదట.

వాడు మగతలోనే నా చెయ్యి పట్టుకున్నాడు. "తిట్టు నాన్నా. నీ తిట్లకు ఉద్యోగం పోదు. జవాబు కూడా చెప్పక్కర్లేదు" అన్నాడు.

తిట్టాను బావగారూ. ఆ పూటా, మరునాడూ, ఆదివారం సాయంత్రం దాకా, చెంచమ్మ మజ్జిగ అందిస్తుంటే తిట్టాను. మొదటి పూటకే మా వాడి మీద ఉన్నవన్నీ అయిపోయాయి. వాడు పెద్ద తప్పులు చేసినవాడు కాదని అప్పుడే తెలిసింది. తరువాత మేనేజరును, టెలిఫోను కనిపెట్టినవాణ్ణి, నా సర్వీసులో నాకు ప్రమోషను రాకుండా చేసిన వాళ్లందరినీ పేరుపేరునా తిట్టాను. తరువాత మీ దగ్గరికి వచ్చాను. మీ దగ్గర చాలాసేపు ఆగాను. మీ గురించి మాట్లాడినంతసేపూ వాడు పక్కకు కూడా దొర్లలేదు. నా దగ్గర సరుకు అయిపోతే మీ అమ్మాయి తలుపు చాటునుంచి అందించింది. అమ్మాయికి జ్ఞాపకశక్తి చాలా బాగుంది.

సోమవారం గుంటూరులో డాక్టరు వాడి చేతులు చాపించి చూశాడట. నిలకడగా ఉన్నాయట. ఫ్లోరు మీదికి పంపేశారని రాజ్యం కార్డు రాసింది. ఇకనుంచి ఆదివారాలు వినుకొండకే వస్తారట. మీ మర్యాద చేయలేని పని నా నోరు చేసింది. ఇందులో నాకు గౌరవమే తప్ప అవమానం లేదని చెంచమ్మ అంటోంది. నేను ఇంకా ఆలోచిస్తున్నాను.

ఇట్లు,
పూర్తి నిద్రకు హక్కుదారు
రాఘవులు

తా.క.: ఈ ఆదివారం వాడు మళ్లీ వస్తున్నాడు. మీ మీద నాకు తెలిసినవన్నీ అయిపోయాయి, మీ అమ్మాయి చెప్పినవీ అయిపోయాయి. మీరు చేసినవి ఇంకేమైనా ఉంటే, మీ నాన్నగారు చేసినవైనా సరే, శనివారం లోపు అందేటట్టు వివరంగా రాసి పంపగలరు.